రియాక్టివ్ పవర్ జనరేటర్‌ను ఎక్కడ అరగదీస్తుంది?

థర్మల్ విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ప్రతి యూనిట్‌కూ రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఒకటి మెగావాట్లలో, రెండోది మెగావార్లలో. మొదటి అంకె పెరగాలంటే మిల్లుల నుంచి మరింత బొగ్గు పొడి రావాలి, బాయిలర్‌లో మరింత ఆవిరి పుట్టాలి, టర్బైన్ వాల్వులు ఇంకాస్త తెరుచుకోవాలి. దీనికి నిమిషాలు పడుతుంది. రెండో అంకె మారడానికి ఇవేవీ అక్కర్లేదు. రోటార్‌లోని అయస్కాంతానికి ఇచ్చే కరెంటును, అంటే ఎక్సైటేషన్‌ను, ఆపరేటర్ కాస్త పెంచితే చాలు. కొద్ది సెకన్లలో అంకె మారిపోతుంది. అదనంగా కాలిన బొగ్గు దాదాపు ఏమీ ఉండదు.

అలాగైతే ఈ రెండో అంకె యంత్రానికి ఉచితంగా వస్తోందా? రాదు. యంత్రం అరగడం అనగానే మనకు బేరింగులు, షాఫ్టు, గేర్లు గుర్తొస్తాయి. రియాక్టివ్ పవర్ అక్కడ పెద్దగా జోక్యం చేసుకోదు. అది తన పని రాగి దగ్గర, ఆ రాగిని పట్టి ఉంచే కట్ల దగ్గర, ఇనుప రేకుల చివర్ల దగ్గర చేస్తుంది. మన దేశంలో సౌర విద్యుత్ పెరుగుతున్న కొద్దీ పాత బొగ్గు యూనిట్లు చేసే ఉద్యోగం మారుతోంది, దానితోపాటు ఈ అరుగుదల తీరు కూడా మారుతోంది. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

వెళ్లి తిరిగొచ్చే శక్తి

బోరుబావి మోటారు తిరగాలంటే దాని ఇనుములో ముందు అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. క్షేత్రం పెరిగేటప్పుడు కొంత శక్తి అందులోకి వెళ్తుంది. ఏసీ కరెంటు దిశ మారే క్రమంలో క్షేత్రం తగ్గగానే ఆ శక్తి తిరిగి లైనులోకి వచ్చేస్తుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఈ రాకపోకలు సెకనుకు 100 సార్లు జరుగుతాయి. నీటిని పైకి తోడేది యాక్టివ్ పవర్, దాన్ని వాట్లలో కొలుస్తాం. ఇలా ఊరికే వెళ్లి వచ్చేది రియాక్టివ్ పవర్, దీని కొలత వార్. ఊరికే అన్నాం గానీ, అది లేకపోతే మోటారులో క్షేత్రమే లేదు, గ్రిడ్‌లో వోల్టేజీ నిలబడదు.

కావడి మోసేవాళ్లను చూసే ఉంటారు. అడుగు పడ్డప్పుడల్లా వెదురు బద్ద కిందికి వంగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. వంగేటప్పుడు అందులోకి వెళ్లిన శక్తి లేచేటప్పుడు తిరిగి వచ్చేస్తుంది. ఆ ఊపు వల్ల బిందెల్లో నీళ్లు ఒక్క అడుగు కూడా ముందుకు జరగవు. లెక్క చూస్తే ఖర్చు సున్నా. సాయంత్రానికి భుజం మాత్రం కందిపోతుంది. రియాక్టివ్ పవర్ కూడా అంతే. వెళ్లిన శక్తి, వచ్చిన శక్తి సరిపోతాయి కానీ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కరెంటు తీగల్లోంచే నడవాలి. తీగ వేడెక్కడం, పక్కపక్క తీగల మధ్య బలాలు పుట్టడం కరెంటును బట్టి ఉంటాయి. ఆ కరెంటు నీళ్లు తోడిందా లేదా అన్నది వాటికి అనవసరం.

ఈ పోలిక ఒక్క ఫేజుకే సరిపోతుంది. పెద్ద జనరేటర్‌లో మూడు ఫేజులుంటాయి. ఒక ఫేజు శక్తిని వెనక్కి తెస్తున్న క్షణంలో మిగతావి తీసుకెళ్తుంటాయి. మూడూ కలిపితే రియాక్టివ్ పవర్ ప్రతి క్షణమూ సున్నాయే. అందుకే మూడు ఫేజులు సమతూకంగా ఉన్నంత కాలం అది షాఫ్టును తిప్పదు, ఆపదు, కుదపదు. ఇదే విషయాన్ని క్షేత్రాల భాషలోనూ చెప్పవచ్చు. స్టేటర్ కరెంటులోని యాక్టివ్ భాగం రోటార్ అయస్కాంతాన్ని పక్కకు లాగుతుంది, అదే షాఫ్టు మీద పడే టార్క్. రియాక్టివ్ భాగం పక్కకు లాగదు. యంత్రంలోని మొత్తం క్షేత్రాన్ని బలపరచడమో బలహీనపరచడమో చేస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఈ సంగతి వెక్టర్ల బొమ్మ ఒక్కటి గీసి ముగించేవాళ్లు. ఆ బొమ్మలోని ఒక్కో బాణం వెనక టన్నుల కొద్దీ రాగి, ఇనుము ఉంటాయన్నది పుస్తకంలో కనిపించదు.

ఒక 500 మెగావాట్ల యూనిట్ లెక్క

మన దేశంలో బాగా వాడుకలో ఉన్న 500 మెగావాట్ల యూనిట్‌ను తీసుకుందాం. విశాఖపట్నం దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రిలో ఉన్న నాలుగు యూనిట్లూ ఈ సైజువే. ఈ తరగతి జనరేటర్ నేమ్‌ప్లేట్ మీద సాధారణంగా 588 ఎంవీఏ, 21 కిలోవోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.85, నిమిషానికి 3000 చుట్లు అని ఉంటుంది. దీని అర్థం ఏమిటంటే, 500 మెగావాట్లు ఇస్తూనే మరో 309 మెగావార్లు కూడా ఇవ్వగలదు.

ముందు షాఫ్టు సంగతి. 500 మెగావాట్లను 3000 చుట్ల వేగంతో అందించాలంటే టార్క్ సుమారు 16 లక్షల న్యూటన్ మీటర్లు. మీటరు పొడవున్న కడ్డీ చివర 160 టన్నుల బరువు వేలాడదీసినంత మెలి అది. మెగావార్లు సున్నా అయినా 309 అయినా ఈ టార్క్ మారదు. పెరిగిన కరెంటు వల్ల తీగల్లో వృథా అయ్యే కొద్దిపాటి వేడి కోసం టర్బైన్ ఇంకాస్త కష్టపడుతుంది, అంతే.

ఇప్పుడు స్టేటర్ సంగతి. మెగావార్లు సున్నా ఉన్నప్పుడు ఒక్కో ఫేజు కరెంటు దాదాపు 13,750 ఆంపియర్లు. 309 మెగావార్లు కలిస్తే అది 16,170 ఆంపియర్లకు చేరుతుంది. పెరిగింది 18 శాతమే కదా అనిపిస్తుంది. కానీ వేడీ, తీగల మధ్య బలమూ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతాయి. వర్గం చేస్తే పెరుగుదల 38 శాతం. మరో సంగతి, రియాక్టివ్ పవర్ ఏ దిక్కుకు పోతోందన్నది ఈ లెక్కకు పట్టదు. జనరేటర్ 100 మెగావార్లు గ్రిడ్‌కు ఇచ్చినా, గ్రిడ్ నుంచి 100 మెగావార్లు పీల్చుకున్నా స్టేటర్ తీగల మీద పడే అదనపు బలం ఒకటే, 4 శాతం.

100 మెగావార్లకు 4 శాతం, 309 మెగావార్లకు 38 శాతం. కొద్దిపాటి మెగావార్లకు యంత్రం పెద్దగా కందదు. హద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఒక్కో అదనపు మెగావారుకు చెల్లించే ధర పెరుగుతూ పోతుంది.

రోజుకు 86 లక్షల సార్లు

స్టేటర్ గాడుల్లో రాగి కడ్డీలు ఒకదానిపై ఒకటి రెండేసి చొప్పున ఉంటాయి. వాటిచుట్టూ మైకా, ఎపాక్సీతో చేసిన ఇన్సులేషన్. కరెంటు పారినప్పుడల్లా కడ్డీని గాడి అడుగు వైపు నొక్కే బలం పుడుతుంది. ఆ బలం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి సెకనుకు 50 సార్లు కాదు, 100 సార్లు పెరిగి తగ్గుతుంది. రోజుకు 86 లక్షల 40 వేల సార్లు. యూనిట్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే 315 కోట్ల సార్లు.

కడ్డీ బిగుతుగా ఉంటే ఇది సమస్య కాదు. గాడి పైన చీలలు, వాటికింద అలల ఆకారంలో ఉండే స్ప్రింగు పట్టీలు దాన్ని అదిమి పట్టి ఉంచుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఇన్సులేషన్ కొద్దిగా కుంచించుకుపోతుంది, పట్టు సడలుతుంది. అప్పుడు అదే 100 హెర్ట్జ్ బలం కడ్డీని గాడిలో ఎగరవేయడం మొదలుపెడుతుంది. ఇన్సులేషన్ పైపూత ఇనుప గోడకు రాసుకుని అరుగుతుంది. పూత పోయిన చోట చిన్న చిన్న విద్యుత్ మెరుపులు పుట్టి మిగతా ఇన్సులేషన్‌ను తినేస్తాయి. ఇక్కడ యాంత్రిక అరుగుదల, విద్యుత్ నష్టం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

దీనికంటే సున్నితమైన చోటు గాడి బయట ఉంది. కడ్డీలు ఇనుప కోర్ దాటి బయటికి వచ్చి, వంపు తిరిగి, పక్క కడ్డీలతో కలిసే భాగాన్ని మన ప్లాంటుల్లో ఓవర్‌హాంగ్ అంటారు. చూడటానికి పెద్ద వెదురు బుట్టలా ఉంటుంది. గాడిలో ఉన్న భాగానికి చుట్టూ ఇనుము ఆసరా ఉంది. ఈ బుట్టకు ఆ ఆసరా లేదు. రెజిన్‌లో తడిపి గట్టిపరిచిన గాజునారు తాళ్లు, మధ్యలో పెట్టిన దిమ్మెలు, బయట నుంచి పట్టే బ్రాకెట్లు, ఇవే దాని ఆధారం. కడ్డీల మధ్య ఆకర్షణ వికర్షణలు ఇక్కడా 100 హెర్ట్జ్‌లో సాగుతుంటాయి.

ప్రతి బుట్టకూ కొన్ని సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. అవి 100 హెర్ట్జ్‌కు దగ్గరగా రాకుండా తయారీదారులు జాగ్రత్తపడతారు. కట్లు వదులయ్యే కొద్దీ నిర్మాణం మెత్తబడి ఆ పౌనఃపున్యాలు కిందికి జారతాయి. కొత్తలో 120 దగ్గర ఉన్నది జారుతూ జారుతూ 100 వైపు వస్తే, అప్పటిదాకా భరించిన బలమే కంపనాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఓవర్‌హాలింగ్‌లో జనరేటర్ విప్పినప్పుడు కట్ల దగ్గర తెల్లటి లేదా పసుపుపచ్చ పొడి కనిపిస్తే ఇంజినీర్లు ముఖం చిట్లించేది ఇందుకే. అది రాపిడికి రాలిన ఇన్సులేషన్. సీల్ నూనె కలిస్తే గ్రీజులా జిగటగా తయారవుతుంది. నీటితో చల్లబరిచే కడ్డీల్లో అయితే చివరి అతుకులు పగిలి నీరు కారే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి స్టేటర్ విషయంలో జవాబు ఇలా తేలుతుంది. మంచి పట్టున్న యంత్రంలో రియాక్టివ్ పవర్ చేసే అదనపు హాని స్వల్పం. కట్లు ఇప్పటికే సడలిన యంత్రంలో అదే 38 శాతం నిర్ణాయకం కావచ్చు.

రోటార్ ఎక్కువ చెల్లిస్తుంది

రియాక్టివ్ పవర్ అసలు పుట్టేది రోటార్ ఎక్సైటేషన్ నుంచి. ఈ తరగతి యంత్రంలో పూర్తి లోడ్‌కు రోటార్ తీగచుట్టలో పారే డీసీ కరెంటు సుమారు 4000 ఆంపియర్లు. లోడ్ ఏమీ లేకుండా వోల్టేజీ మాత్రమే నిలబెట్టడానికి అందులో మూడో వంతుకు కాస్త అటూఇటూ చాలు. ఇలాంటి యంత్రాలకు సాధారణమైన రియాక్టెన్స్ విలువలతో ఒక సరళమైన లెక్క వేస్తే, 500 మెగావాట్లు ఇస్తూ మెగావార్లను సున్నా నుంచి 309కి తీసుకెళ్లినప్పుడు రోటార్ రాగిలో పుట్టే వేడి దాదాపు 80 శాతం పెరుగుతుంది. స్టేటర్‌లో 38, రోటార్‌లో 80. మెగావాట్ల మీటరు మాత్రం కదలదు.

ఈ వేడి యాంత్రిక సమస్యగా ఎలా మారుతుందో అర్థం కావాలంటే రోటార్ లోపలి పరిస్థితి ఊహించుకోవాలి. 6 మీటర్ల పొడవున్న ఉక్కు దిమ్మెలో పొడవాటి గాడులు, వాటిలో పేర్చిన రాగి పట్టీలు. అరమీటరు వ్యాసార్థంలో, సెకనుకు 50 చుట్ల వేగంలో ఉన్న రాగి మీద పడే అపకేంద్ర బలం దాని బరువుకు 5000 రెట్లు. అంటే కిలో రాగి 5 టన్నుల బరువుతో బయటి చీలను నొక్కుతుంది. అంత నొక్కుడు మధ్య రాగి వేడెక్కి సాగాలని చూస్తుంది. 6 మీటర్ల రాగి పట్టీ 50 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్ల పైచిలుకు సాగుతుంది. ఉక్కు అంతే వేడెక్కినా 3.6 మిల్లీమీటర్లే సాగుతుంది. పైగా అది రాగి అంతగా వేడెక్కదు కూడా. ఆ తేడా మేరకు రాగి గాడిలో జారాలి.

అన్ని గాడుల్లోనూ ఒకేలా జారితే ఇబ్బంది లేదు. ఒక వైపు జారి, ఎదురు వైపు ఇరుక్కుపోతే రోటార్ ఒక పక్కకు నెట్టబడి వెంట్రుకవాసి వంగుతుంది. పదుల టన్నుల రోటార్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ వెంట్రుకవాసి వంపు చాలు, బేరింగుల దగ్గర కంపనం పెరగడానికి. చుట్టలో ఎక్కడైనా రెండు చుట్ల మధ్య ఇన్సులేషన్ పోయి షార్టయినా ఇదే జరుగుతుంది. ఒక ధ్రువం వైపు రాగి తక్కువ వేడెక్కి, రెండో వైపు ఎక్కువ వేడెక్కుతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చక్కగా ఉంటుంది. మెగావాట్లను కదలనివ్వకుండా మెగావార్లను మాత్రమే నెమ్మదిగా పెంచుతారు, ఉష్ణోగ్రత స్థిరపడేదాకా ఆగుతారు, బేరింగు కంపనం చూస్తారు. తర్వాత మెగావార్లను కదలనివ్వకుండా మెగావాట్లను మారుస్తారు. మొదటి పరీక్షలో కంపనం ఎక్సైటేషన్ వెంటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే తప్పు రోటార్ చుట్టలో ఉంది. రెండోదాంట్లోనే మారితే టర్బైన్ వైపో కప్లింగ్ వైపో వెతకాలి. రోటార్ ఉష్ణ సున్నితత్వ పరీక్ష అని దీన్ని పిలుస్తారు. షాఫ్టును కదపని రియాక్టివ్ పవర్ ఇలా రాగి వేడి అనే దొడ్డిదారిన బేరింగు దాకా వచ్చేస్తుందన్నమాట.

ఒకసారి సాగి, ఒకసారి ముడుచుకుంటే రాగికి ఏమీ కాదు. రోజూ సాగి ముడుచుకుంటుంటే గాడి ఇన్సులేషన్ రాపిడికి అరుగుతుంది, చుట్టల చివరి మలుపులు ఆకారం తప్పుతాయి. ఈ నేరంలో రియాక్టివ్ పవర్ ఒక్కటే దోషి కాదు. యూనిట్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం దానికంటే పెద్ద దెబ్బ, ఎందుకంటే అక్కడ ఉష్ణోగ్రతతోపాటు అపకేంద్ర బలం కూడా పూర్తిగా పోయి మళ్లీ వస్తుంది.

కార్బన్ బ్రష్‌ల ద్వారా రోటార్‌కు కరెంటు పంపే యంత్రాల్లో ఇంకో చోటు ఉంది. కరెంటు ఎక్కువైతే బ్రష్‌లు వేడెక్కి త్వరగా అరుగుతాయి, ఇది అందరూ ఊహించేదే. మరీ తక్కువైనా మంచిది కాదు. స్లిప్ రింగు మీద ఏర్పడే పలుచని పొర నిలవడానికి కొంత కరెంటు కావాలి. అది అందకపోతే పొర చెదిరి రింగు మీద గీతలు పడతాయి.

తక్కువ ఎక్సైటేషన్ తెచ్చే తంటా

ఇప్పటిదాకా మాట్లాడింది జనరేటర్ మెగావార్లు ఇవ్వడం గురించి. గ్రిడ్‌లో వోల్టేజీ ఎక్కువైనప్పుడు జనరేటర్ మెగావార్లను పీల్చుకోవాలి, దానికి ఎక్సైటేషన్ తగ్గించాలి. రోటార్ చల్లబడుతుంది కాబట్టి యంత్రానికి విశ్రాంతి అనిపించవచ్చు. ఇది నిజం కాదు.

స్టేటర్ కోర్ అంటే ఒకే ఇనుప దిమ్మె కాదు. అర మిల్లీమీటరో అంతకన్నా తక్కువో మందం ఉన్న రేకులను వార్నిష్ పూసి వేలకొద్దీ పేర్చిన కట్ట. క్షేత్రం రేకు వెంబడి నడిచినంత కాలం ఎడ్డీ కరెంట్లు అదుపులో ఉంటాయి. కోర్ చివర్లలో మాత్రం కొంత క్షేత్రం పక్క నుంచి, రేకు ముఖానికి నిలువుగా దూరుతుంది. అప్పుడు రేకు వెడల్పంతా ఎడ్డీ కరెంట్లకు ఆటస్థలమే. మామూలుగా రోటార్ చివర క్షేత్రం, స్టేటర్ చివర క్షేత్రం ఒకదానికొకటి కొంత అడ్డుపడి ఈ చొరబాటును తగ్గిస్తాయి. ఎక్సైటేషన్ తగ్గించి మెగావార్లు పీల్చుకునేటప్పుడు ఆ రెండూ అడ్డుపడటం మాని కలిసే వైపు జరుగుతాయి. దానితో కోర్ చివరి పళ్లు, వాటిని బిగించే ఫలకాలు వేడెక్కుతాయి.

చివరి రేకులు పదేపదే వేడెక్కి చల్లారితే వాటి బిగింపు సడలుతుంది. సడలిన రేకు 100 హెర్ట్జ్‌లో కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని అంచు విరిగితే ఆ ముక్క పక్కనున్న కడ్డీ ఇన్సులేషన్‌ను కత్తిలా కోస్తుంది. రెండు రేకుల మధ్య వార్నిష్ పోతే అక్కడ కొత్త ఎడ్డీ కరెంటు దారి తెరుచుకుని ఇనుము కరిగే దాకా వెళ్లవచ్చు. స్టేటర్ కడ్డీ పాడైతే మార్చవచ్చు. కోర్ కరిగితే మాత్రం నెలల తరబడి యూనిట్ మూలపడుతుంది. నాకు తెలిసి ఈ మొత్తం కథలో ఖరీదైన పేజీ ఇదే. చివర్లలో రాగి కవచాలు పెట్టడం, కోర్‌ను మెట్లు మెట్లుగా తగ్గించడం, పళ్లకు చీలికలు ఇవ్వడం లాంటి ఉపాయాలన్నీ దీన్ని తట్టుకోవడానికే.

రెండో తంటా స్థిరత్వానిది. రోటార్‌ను గ్రిడ్‌తో కట్టి ఉంచేది ఇనుప గొలుసు కాదు, అయస్కాంత క్షేత్రం. రబ్బరు తాడులా అది సాగుతుంది. ఎంత సాగిందో చెప్పే కొలతే లోడ్ యాంగిల్. ఎక్సైటేషన్ తగ్గిస్తే తాడు సన్నబడి, అదే బరువు లాగడానికి మరింత సాగాలి. పైన వాడిన సరళమైన లెక్కలోనే చూద్దాం. యూనిట్ 275 మెగావాట్ల దగ్గర నడుస్తూ 100 మెగావార్లు ఇస్తుంటే లోడ్ యాంగిల్ దాదాపు 37 డిగ్రీలు. అవే 275 మెగావాట్ల దగ్గర 100 మెగావార్లు పీల్చుకుంటుంటే అది 59 డిగ్రీలు. పూర్తి 500 మెగావాట్లూ 309 మెగావార్లూ ఇచ్చేటప్పుడు కూడా అది 41 డిగ్రీలే. సగం లోడ్‌తో తాపీగా ఉన్నట్టు కనిపించే యంత్రం నిజానికి నిండు లోడ్ మీద ఉన్నప్పటికంటే అంచుకు దగ్గరగా ఉంది.

ఆ స్థితిలో దగ్గర్లో పెద్ద లైను ట్రిప్పయితే రోటార్ పట్టు తప్పి ఒక ధ్రువం జారవచ్చు. జారిన ప్రతిసారీ టార్క్ ఒక దిక్కుకూ మరో దిక్కుకూ విపరీతంగా ఊగి షాఫ్టును మెలిపెడుతుంది, కప్లింగ్ బోల్టులను కోస్తుంది, ఓవర్‌హాంగ్ బుట్టను కుదుపుతుంది. మామూలు రోజుల్లో షాఫ్టు జోలికి రాని రియాక్టివ్ పవర్, ఆ ఒక్క రోజున షాఫ్టుకు ఏళ్ల అలసటను కొద్ది సెకన్లలో తెచ్చిపెట్టగలదు. అందుకే ఎక్సైటేషన్ ఒక హద్దు కిందికి పోకుండా లిమిటర్ పెడతారు, ఎక్సైటేషన్ పూర్తిగా పోతే యూనిట్‌ను విడదీసే రిలే వేరుగా ఉంటుంది.

ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలి

పొడవాటి హైవోల్టేజీ లైను ఒక కెపాసిటర్‌లా కూడా పనిచేస్తుంది. 400 కిలోవోల్టుల సాధారణ లైను ప్రతి కిలోమీటరుకు అర మెగావారుకు పైగా తనంతట తానే పుట్టిస్తుంది. 765 కిలోవోల్టుల లైనులో ఇది అంతకు నాలుగు రెట్ల పైమాటే. లైను నిండా లోడ్ ఉన్నప్పుడు ఆ మెగావార్లు లైనులోనే ఖర్చయిపోతాయి. లోడ్ పలచబడితే మిగిలిపోయి వోల్టేజీని పైకి నెడతాయి. చలికాలపు రాత్రుల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. సౌర ఫలకాలు పెరిగాక పగటి వేళ కూడా కొన్ని లైన్ల మీద ప్రవాహం తగ్గిపోవడం, సాయంత్రానికి ఒక్కసారిగా పెరగడం మొదలైంది. వ్యవసాయ పంపుసెట్లు నడిచే వేళల్లో మళ్లీ మెగావార్ల కోసం ఆకలి. పంపుసెట్లకు కెపాసిటర్లు పెట్టుకోమని రైతులకు చెప్పేది ఆ ఆకలిని ఊళ్లోనే తీర్చడానికి.

గ్రిడ్ కోడ్ ప్రకారం 400 కిలోవోల్టుల వ్యవస్థను 380కి, 420కి మధ్య ఉంచాలి. దానికోసం జనరేటర్ ఒకే రోజులో ఒక పూట మెగావార్లు ఇస్తుంది, ఇంకో పూట పీల్చుకుంటుంది. మరోవైపు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు బొగ్గు యూనిట్లు 55 శాతం దాకా, ఆ తర్వాత దశలవారీగా 40 శాతం దాకా లోడ్ తగ్గించగలగాలని చెబుతున్నాయి. తక్కువ మెగావాట్లు, పీల్చుకునే మెగావార్లు, ఈ రెండూ కలిసే మూల ఇంతకుముందు అరుదుగా తొక్కినది. ఈ యంత్రాల్లో చాలావాటిని డిజైన్ చేసింది ఎప్పుడూ నిండు లోడ్ మీద, మెగావార్లు ఇస్తూ నడుస్తాయన్న ఊహతో.

ఈ పనిని ఎవరూ చేయకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చూశాయి. మధ్యాహ్నం వేళ వోల్టేజీ అదుపు తప్పి పెరిగింది, ఒకదాని వెనక ఒకటిగా ఉత్పత్తి కేంద్రాలు ట్రిప్పయ్యాయి, రెండు దేశాల ప్రధాన భూభాగం మొత్తం చీకటైంది. వోల్టేజీని అదుపులో పెట్టాల్సిన కేంద్రాలు తగినన్ని మెగావార్లు పీల్చుకోలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదిక తేల్చింది. కాబట్టి జనరేటర్‌ను కాపాడుకోవాలని మెగావార్లకు మొహం చాటేయడం పరిష్కారం కాదు.

చేయదగినవి ఉన్నాయి. సబ్‌స్టేషన్లలో రియాక్టర్లు, స్టాట్‌కామ్‌లు పెంచితే రోజువారీ భారం అవి మోస్తాయి, జనరేటర్‌ను అత్యవసరానికి దాచుకోవచ్చు. సౌర పార్కుల ఇన్వర్టర్లు కూడా మెగావార్లు ఇవ్వగలవు, పీల్చుకోగలవు. ఒకే కేంద్రంలో నాలుగు యూనిట్లుంటే భారం ఒకదాని మీదే పడకుండా సమంగా పంచాలి. వర్గం లెక్క గుర్తుందిగా, 200 మెగావార్లు ఒక యూనిట్ మోస్తే 16 శాతం అదనపు బలం. నాలుగూ 50 చొప్పున మోస్తే ఒక్కోదానికి 1 శాతమే. ఓవర్‌హాంగ్ మీద ఆప్టికల్ ఫైబర్ కంపన సెన్సర్లు పెట్టుకునే వీలుంది. అంత హైవోల్టేజీ పక్కన లోహపు తీగలున్న సెన్సర్లు పెట్టలేరు కాబట్టి ఫైబర్.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముందు చేయాల్సింది రికార్డు సరిచేసుకోవడం. ఓవర్‌హాలింగ్ ఎప్పుడన్నది నడిచిన గంటలు, స్టార్టుల సంఖ్య చూసి నిర్ణయించడం పాత అలవాటు. ఏ యూనిట్ ఎన్ని గంటలు మెగావార్లు పీల్చుకుంటూ గడిపింది, రోజుకు ఎన్నిసార్లు అటునుంచి ఇటు మారింది అన్న లెక్క కంట్రోల్ రూము కంప్యూటర్లలో ఎలాగూ నమోదవుతుంది. దాన్ని కంపనం రికార్డు పక్కన పెట్టి చదవడానికి కొత్త సామాను అక్కర్లేదు.

మెగావార్లే ఉద్యోగంగా బతికే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటిని సింక్రొనస్ కండెన్సర్లు అంటారు. కొన్ని జల విద్యుత్ యూనిట్లలో గాలిని పంపి టర్బైన్ గదిలోని నీటిని కిందికి నెట్టేసి, రన్నర్‌ను గాలిలో తిప్పుతూ జనరేటర్‌ను ఇలా వాడతారు. జర్మనీలో బిబ్లిస్ అణు విద్యుత్ కేంద్రం 2011లో మూతపడ్డాక, దాని ఏ-యూనిట్ జనరేటర్‌ను టర్బైన్ నుంచి విడదీసి 2012లో సింక్రొనస్ కండెన్సర్‌గా మార్చారు. కొన్నేళ్ల పాటు అది ఒక్క యూనిట్ విద్యుత్ కూడా అమ్మకుండా వోల్టేజీని నిలబెట్టింది. అలాంటి యంత్రం షాఫ్టు మీద టర్బైన్ టార్క్ ఉండదు. దానికీ ఓవర్‌హాంగ్ కట్లు, రోటార్ రాగి, కోర్ చివర్లు పరీక్షించాల్సిందే. విప్పి చూసే చోట్లు మెగావాట్లు అమ్మే యంత్రంలో ఉన్నవే.